అరిగిందా, అరగదీశారా?

ముట్నూరి భీమశంకరం గారికి కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటే కాకినాడలో ఆయన్ని ఎరిగిన వాళ్లెవరూ నమ్మలేదు. ఆయన చాలా ఏళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పారు. మార్కులు ధారాళంగా పడతాయని పిల్లలందరూ సంస్కృతం వైపు వెళ్లిపోవడంతో ఆయన క్లాసు పలచబడుతూ వచ్చి, ఆఖరి ఏడాది ఒక్క విద్యార్థి మిగిలాడు. అతను కూడా పొరపాటున తెలుగు గడిలో టిక్కు పెట్టాడని తేలాక, కాలేజీ వారు అతన్ని సంస్కృతంలోకీ భీమశంకరం గారిని ఇంటికీ పంపేశారు. అప్పటికి ఆయనకు సెల్‌ఫోన్లో నంబరు వెతకడమంటేనే బెరుకు. ఆ పని భార్య విశాలాక్షి గారు చేసిపెట్టేవారు.

అలాంటి మనిషిని కంపెనీ వెతుక్కుంటూ రావడానికి కారణం ఒక హోర్డింగు.

బ్యాటరీ, కీబోర్డు, మౌసు, ప్రింటరులో తిరిగే రోలరు, ఇవన్నీ వాడేకొద్దీ అరిగే సామాన్లనీ, చెప్పులు అరిగితే కొట్టువాడు కొత్తవి ఇవ్వడు కదా అనీ, వీటికి వారంటీ లేదనీ మిగతా కంపెనీలన్నీ చెబుతూ వచ్చాయి. నిత్యనూతన కంప్యూటర్స్ వారికి మాత్రం ఒక వేసవిలో ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఊళ్లో ప్రతి కూడలిలోనూ పసుపు రంగు హోర్డింగులు లేచాయి. "అరిగినదేదైనా వారంటీలో మార్చి ఇస్తాం! నెల తిరిగేలోగా మా జవాబు అందకపోతే మీ కోరిక ఒప్పుకున్నట్టే!" ఛైర్మన్ గారు పసుపు రంగు బాగుందని సంతకం పెట్టారు. కింద రాసింది ఎవరూ చదవలేదు. జనం చదివారు. కంప్యూటర్లు బళ్ల మీద తరలిపోయాయి.

ఏడాది తిరిగేసరికి అవి అరగడం మొదలుపెట్టాయి. సర్వీసు సెంటరు ముందు వరస రోడ్డు దాకా వచ్చింది. అప్పుడు కంపెనీ న్యాయవిభాగం వారు హోర్డింగు కిందికి వెళ్లి, మొదటిసారి తలెత్తి చదివారు. చదివి, ఊపిరి పీల్చుకున్నారు. హోర్డింగు మీద ఉన్నది "అరిగినది" మాత్రమే. "అరగదీసినది" అని ఎక్కడా లేదు.

ఈ తేడా చెప్పగలిగిన మనిషి కావలసి వచ్చింది.

ఇంటర్వ్యూ చేసినది సర్వీసు సెంటరు మేనేజరు గుణరంజన్. ముప్పై దాటిన మనిషి, మెడకు టై, నోట్లో ఎప్పుడూ ఫైలు భాష. "అరుగు అనే క్రియ యొక్క స్థితిగతులను సంస్థకు విశదపరచగలరా?" అని అడిగాడు. భీమశంకరం గారి కళ్లు చెమర్చాయి. ఒక క్రియ గురించి ఆయన్ని ఎవరైనా అడిగి ఏళ్లు గడిచాయి. అరిగింది అంటే దానంతటది జరిగిన పని, కనుక అకర్మకమన్నారు. అరగదీశారు అంటే వెనక ఒక కర్త ఉన్నాడు, కనుక సకర్మకమన్నారు. అక్కడితో ఆగలేదు. తిన్నది అరగడం వేరు, ఇంటి ముందు కూర్చునే అరుగు వేరు, కావ్యాల్లో రాజు వేటకు అరిగెను అంటే వెళ్లెను అని అర్థం, అంటూ టీ చల్లారి మీగడ కట్టేదాకా చెప్పారు. గుణరంజన్ అన్నీ రాసుకున్నాడు. మర్నాడే "అరుగుదల నిర్ణయాధికారి" అన్న చెక్క బోర్డు, దాని వెనక ఒక కుర్చీ, ఆ కుర్చీలో భీమశంకరం గారు.

పని తేలికగానే ఉంది. వచ్చిన వాళ్లు వస్తువు బల్ల మీద పెట్టి ఏమైందో చెబుతారు. ఆయన ఒకటి రెండు ప్రశ్నలు వేసి, అరిగిందో అరగదీశారో తేలుస్తారు. జవాబును గుణరంజన్ తెలుగులో టైపు చేసి పంపుతాడు. మాట తెలుగులో ఇచ్చాం గనుక జవాబూ తెలుగులోనే ఉండాలని, చేతిరాత మనిషికో తీరుగా ఉంటుంది గనుక టైపులోనే ఉండాలని పై వారి ఆదేశం. అందుకోసం సెంటరులో తెలుగు అక్షరాల కీబోర్డు ఉన్న కంప్యూటరు ఒకటి పెట్టారు. షోరూములో అద్దాల వెనక కొత్తవి చాలా ఉన్నా, అమ్మే సరుకును తాకితే అరుగుతుందని ఎవరినీ తాకనిచ్చేవారు కాదు.

మొదటి వారంలో వచ్చిన వాళ్లలో కడియాల సత్యవేణి ఒకామె. మెయిన్ రోడ్డు వెనక సందులో డీటీపీ సెంటరు ఆమెది, పెళ్లికార్డులు కొట్టి ఇస్తుంది. లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టింది. శ్రీలు, చిరంజీవులు, సౌభాగ్యవతులు కొట్టీ కొట్టీ కొన్ని కీల మీద అక్షరం చెరిగిపోయింది, కొన్ని అసలు పలకడం లేదు. శ్రీ కావాలంటే పాత కార్డులోంచి మౌసుతో ఎత్తి తెచ్చి అతికించుకుంటోంది. శ్రావణమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయని, త్వరగా మార్చి ఇమ్మని అడిగింది.

"ఎలా అరిగిందమ్మా?" అన్నారు భీమశంకరం గారు.

"దానంతటదే అరిగిందండి."

"మీరు నొక్కలేదా?"

"నొక్కకపోతే కార్డు ఎలా వస్తుందండీ మాస్టారూ?"

నొక్కారు గనుక కర్త ఉన్నట్టు తేలింది. కర్త ఉంటే అది సకర్మకం. ఆయన ఎంతో ఆప్యాయంగా, పరీక్ష తప్పిన పిల్లకు నచ్చచెప్పినట్టు, అంతా వివరించారు. సత్యవేణి మధ్యలో అడ్డు రాకుండా విన్నది. లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె చూసిన చూపు ఆయనకు కాసేపు ముల్లులా తగిలింది గానీ, వెనక నిలబడిన వ్యక్తి "మౌసు అరగబడింది" అనడంతో కర్మణి ప్రయోగంలో పడి మరిచిపోయారు.

ఊరు నిమిషాల మీద నేర్చుకుంది. సర్వీసు సెంటరు ఎదుట టీ బడ్డీ దగ్గర అకర్మక క్రియల పాఠాలు వెలిశాయి. వరసలో ఉన్న వాళ్లు లోపలికి వెళ్లేలోగా "కీ దానంతటది నలిగింది, దానంతటది కుంగింది, నేనా టైములో ఊళ్లో లేను" అని వల్లె వేసుకునేవారు. ఒక వకీలు గుమస్తా ఇంకా గట్టిగా ఉండాలని "బ్యాటరీ అరిగెను" అని గ్రాంథికంలో రాసి తెచ్చాడు. గుణరంజన్ ఇంటర్వ్యూ నాటి నోట్సు తిరగేసి, అరిగెను అంటే వెళ్లెను అని అర్థం గనుక, వెళ్లిపోయిన బ్యాటరీ విషయమై పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసుకోవలసిందని జవాబు పంపాడు. భీమశంకరం గారికి అది కొంచెం నొప్పి కలిగించింది. అయినా అర్థం తప్పు కాదు కదా అనుకున్నారు.

అందరూ అకర్మకంలోనే మాట్లాడుతుండడంతో కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. హైదరాబాదు నుంచి సర్క్యులరు దిగింది. దాన్ని గుణరంజన్ నిలబడి చదివాడు. "ప్రకృతిసిద్ధమగు అరుగుదల యందు పక్షపాతముండదు. కావున, మీటలన్నియు సమానముగా అరిగినప్పుడు మాత్రమే దానిని సహజ అరుగుదలగా పరిగణించవలెను. కొన్ని మీటలు మాత్రమే అరుగుట వినియోగదారుని వేళ్ల పక్షపాతమునకు నిదర్శనము." పాత దరఖాస్తుదారులందరూ కొత్త నిబంధన ప్రకారం మళ్లీ రావచ్చని అందులో ఉదారంగా ఒక అవకాశం కూడా ఇచ్చారు.

సత్యవేణి ఆ మాట విని తన కీబోర్డు ముందు కూర్చుంది. అ, ర, న, మ ఎలాగూ అరిగాయి. ఝ, ఠ, ఢ, ఛ, ఘ మాత్రం పెట్టెలోంచి తీసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తున్నాయి. వాటి జోలికి వెళ్లే పెళ్లిళ్లు కాకినాడలో లేవు. ఆమె వెళ్లేలా చేసింది. జగన్నాథపురంలోని ఒక రొయ్యల వ్యాపారి కూతురి పెళ్లికార్డు ఇలా వచ్చింది. "మా కనిష్ఠ పుత్రిక వివాహమునకు తామెల్లరు ఝటితి బయలుదేరి, ఠీవిగా విచ్చేసి, ఛత్రచామరముల నీడన, ఢక్కానాదముల నడుమ, ఘుమఘుమలాడు ఫలాహారములు భుజించి, వధూవరులను ఘనముగా దీవింప ప్రార్థన."

వ్యాపారి మొదట గొణిగాడు. కార్డు అందుకున్న వియ్యాలవారు మాత్రం, పిల్ల తరఫువాళ్లది బాగా చదువుకున్న వంశమని తెలియక కట్నకానుకల మాట తొందరపడి ఎత్తామని సిగ్గుపడ్డారట. దాంతో ఊళ్లో ఆ కార్డుకు గిరాకీ వచ్చిపడింది. ఝటితి లేని కార్డు కొట్టించుకోవడం నామోషీ అయింది. గృహప్రవేశాలకు ఢక్కాలు, అన్నప్రాశనలకు ఛత్రచామరాలు తప్పనిసరయ్యాయి. ఒకరి సంతాపసభ పిలుపులో కూడా ఠీవిగా విచ్చేయమని ఉంది.

మళ్లీ వచ్చి లాప్‌టాప్ బల్ల మీద పెట్టినప్పుడు కీబోర్డు నున్నగా, ఏటిలో గులకరాయిలా ఉంది. భీమశంకరం గారు భూతద్దం పెట్టి వరస వరసా చూశారు. ఏ అక్షరానికీ ఎక్కువ తక్కువలు లేవు. ఙ కూడా అరిగింది. తాను కాలేజీలో పాతికేళ్లు చెప్పినా పిల్లల చేత రాయించలేకపోయిన అక్షరమది. "అద్భుతమమ్మా," అనేశారు, తాను ఏ కుర్చీలో ఉన్నారో మరిచిపోయి.

గుణరంజన్ పక్క నుంచి వంగి చూశాడు. ముఖం గంభీరంగా పెట్టాడు. ఇంత కచ్చితమైన సమానత్వం ప్రకృతిలో సంభవం కాదని, ఇది ప్రయత్నపూర్వక సమానత్వమని, ప్రయత్నమున్నచోట కర్త ఉన్నాడని, కావున సంస్థ బాధ్యత వహింపజాలదని చెప్పాడు. తిరస్కార పత్రం నెల తిరిగేలోగా అందుతుందన్నాడు.

సత్యవేణి అతని వైపు చూడలేదు. భీమశంకరం గారి వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు చెప్పండి. అరక్కుండా ఎలా వాడాలో చెప్పండి, అలాగే వాడతాను."

ఆయన భూతద్దం తీసి సొరుగులో పెట్టేశారు. ఆ పూట ఇంటికి వెళ్లి నాలుగు ముద్దలు తిని లేచారు. విశాలాక్షి గారు కంగారుపడి, ఏం, అరగడం లేదా అని అడిగారు. అది అకర్మకమే కదా, దీనికి వారంటీ ఉందా అన్న ఆలోచన తన బుర్రలోకి వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే భయం వేసింది.

సత్యవేణి ప్రశ్నకు జవాబు ఆ వారంలోనే ఒక రిటైరైన స్టేషన్ మాస్టరు తెచ్చారు. లాప్‌టాప్ అట్టపెట్టె అలాగే ఉంది, టేపు కూడా విప్పలేదు. అల్లుడు పండక్కి వస్తే ఇద్దామని కొని ఉంచారు, అల్లుడు అలిగి రాలేదు. ఎదురుగా పెట్టె విప్పి చూస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఎవరూ తాకలేదు, ఎవరూ నొక్కలేదు. కర్త లేడు, కర్మ లేదు. భీమశంకరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంత స్వచ్ఛమైన అకర్మకం ఆయన పుస్తకాల్లో కూడా చూడలేదు. తన చేత్తో "అరిగినది" అని రాసి ముద్ర వేశారు.

గుణరంజన్ హైదరాబాదుకు ఫోను చేశాడు. పెద్దాఫీసరు స్పీకరులో మాట్లాడారు. "వారంటీ అనునది వినియోగమునకు సంబంధించినది, పండితులవారూ. వినియోగమే లేనిచోట వారంటీ ప్రసక్తి ఉత్పన్నం కాదు."

వాడితే ఇవ్వరు, వాడకపోయినా ఇవ్వరు, మరి ఎవరికి ఇస్తారని భీమశంకరం గారు వినయంగా అడిగారు.

"మధ్యస్థంగా వాడిన వారికి," అన్నారు పెద్దాఫీసరు, ఫోను పెట్టేశారు.

మధ్యస్థంగా వాడినవారు ఎవరూ రాలేదు. వచ్చిన వాళ్లంతా ఎక్కువో తక్కువో వాడినవారే. సమాన అరుగుదల కింద మళ్లీ వచ్చిన దరఖాస్తులు బీరువా నిండి కింద పరుచుకున్నాయి. నెలాఖరు దగ్గరపడింది. గుణరంజన్ రాత్రీ పగలూ తిరస్కారాలు టైపు చేయసాగాడు. సరిగ్గా అప్పుడే సెంటరు కంప్యూటరులో ద అనే కీ పలకడం మానేసింది.

అదేమీ వింత కాదు. అతను ఏడాదిగా కొట్టినవి లేదు, కాదు, కుదరదు, చెల్లదు, వీలుపడదు, తిరస్కరించడమైనది. ఏ దారిన వెళ్లినా ద దగ్గరికే వెళ్లాలి. ఆ ఒక్క కీ మీద గుంట పడింది. ఝ కీ పెరికి అక్కడ పెడదామంటే, మూత విప్పితే వారంటీ పోతుందని సెంటరు మెకానిక్కే ఒప్పుకోలేదు. దాంతో గుణరంజన్ తన సెంటరు తరఫున తన సెంటరుకే దరఖాస్తు పెట్టుకున్నాడు. భీమశంకరం గారి బల్ల ముందుకు వచ్చి, లాంఛనమే కదా అన్నట్టు నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎలా అరిగిందండీ?" అన్నారు భీమశంకరం గారు.

గుణరంజన్ నవ్వు ఆపి, దానంతటదే అరిగిందన్నాడు. మీరు నొక్కలేదా అంటే, ఆఫీసు పని మీద నొక్కానన్నాడు. మిగతా కీలు సమానంగా అరిగాయా అంటే, లేదన్నాడు. అప్పుడు భీమశంకరం గారు భూతద్దం కింద పెట్టి, ఇది సకర్మకమనీ, పైగా ఒక్క అక్షరం మీద పక్షపాతమనీ నిర్ణయం చెప్పారు. గుణరంజన్ ముందు బతిమాలాడు, తరవాత ఉద్యోగం గుర్తు చేశాడు. ఆయన వినలేదు. మీకు ఒప్పుకుంటే ఆ సత్యవేణమ్మకూ ఒప్పుకోవాలి, రెండూ రాస్తాను, సరేనా అన్నారు. విషయం హైదరాబాదు దాకా వెళ్లింది. పెద్దాఫీసరు ఎంతో సంతోషించి, స్వంత కార్యాలయమని కూడా చూడకుండా నిబంధన పాటించినందుకు పండితులవారికి ప్రశంసాపత్రం పంపారు. కీబోర్డు పంపలేదు.

ఇక నెలకు ఒక్క రోజు మిగిలింది. గుణరంజన్ కాగితాల కట్ట చంకన పెట్టుకుని, భీమశంకరం గారిని వెంటబెట్టుకుని, డీటీపీ సెంటరేదని అడుగుతూ మెయిన్ రోడ్డు వెనక సందులోకి నడిచాడు. తెలుగు టైపుకు ఊళ్లో అందరూ చెప్పిన కొట్టు ఒకటే. కొట్టులో కాలు పెట్టాక గానీ అతను ఆమెను గుర్తుపట్టలేదు.

సత్యవేణి కుర్చీలు వేసింది. తీసుకొచ్చినది తన దరఖాస్తుతో సహా అందరి తిరస్కారాలే అని విన్నది. కాదనలేదు. లాప్‌టాప్ తెరిచి మొదటి వాక్యం కొట్టింది. తెర మీద "మీ అభ్యర్థన తిరస్కరించడమైన" అని వచ్చి ఆగింది.

"ద రావట్లేదండి," అంది. "అన్నీ సమానంగా అరగదీయమన్నారు కదండీ. అదీ పోయింది."

ఇంకోసారి కొట్టమన్నాడు గుణరంజన్. ఆమె ఇంకోసారి కొట్టింది. పక్కన కూర్చున్న భీమశంకరం గారికి ఆమె వేలు కనపడుతోంది. అది ద మీద దిగలేదు. రెండు కీల మధ్య ఖాళీలో దిగి, మెత్తగా పైకి లేచింది. ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకోసాగారు.

గుణరంజన్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. అప్పుడు అతనికి ఉపాయం తట్టింది.

"పండితులవారూ, ద లేకుండా కుదరదని చెప్పే మాట ఒకటి సెలవివ్వండి. ఒక్కటి చాలు."

ఒప్పుకోము. ఇవ్వము. మార్చము. అడిగీ అడగకముందే మాటలు వచ్చి భీమశంకరం గారి నాలుక చివర వరసకట్టాయి. ఎవరు ఏ మాట అడిగినా కాదనకుండా ఇచ్చిన మనిషి ఆయన. పెళ్లిపందిరిలో అడిగినా, బస్సులో అడిగినా ఇచ్చారు. ఆయన సత్యవేణి వైపు చూశారు. పొద్దున లేస్తే తెలుగు కొట్టే మనిషికి ఆ మాటలు తెలియకుండా ఉండవు. ఆమె తెర వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది.

"తెలుగులో లేదండీ," అన్నారాయన.

"ఒక్కటి కూడా లేదా?"

"మన భాషలో ద లేకుండా కాదనడం కుదరదండి. అది దాని స్వభావం."

గుణరంజన్ నమ్మాడు. అతను ఇంటర్మీడియెట్‌లో సంస్కృతం తీసుకున్నవాడు, అందులో నూటికి తొంభై తొమ్మిది వచ్చినవాడు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని లేచాడు.

నెల తిరిగింది. జవాబు అందనివారి కోరికలన్నీ ఒప్పుకున్నట్టే అయ్యాయి. మూడు లారీల నిండా కీబోర్డులు, బ్యాటరీలు, మౌసులు కాకినాడ వచ్చాయి. మళ్లీ దరఖాస్తు పెట్టిన వకీలు గుమస్తాకు, వెళ్లిపోయిన బ్యాటరీ బదులు కొత్తది వచ్చింది. స్టేషన్ మాస్టరుకు వచ్చిన దాన్ని ఆయన పెట్టె విప్పకుండా మళ్లీ అల్లుడి కోసం దాచారు. నిత్యనూతన వారు కొన్నాళ్లు తలపట్టుకున్నారు గానీ, పక్క కంపెనీల దగ్గర కొనేవాళ్లందరూ వీరి దగ్గరికే వస్తున్నారని లెక్క తేలాక, "మాట ఇచ్చాం, నిలబెట్టుకున్నాం" అని ఇంకో పసుపు హోర్డింగు పెట్టారు. గుణరంజన్‌ను విశాఖపట్నానికి పెద్ద హోదా మీద పంపారు. ఇకమీదట వారంటీ తెలుగులో రాయకూడదని మాత్రం గట్టిగా తీర్మానించుకున్నారు.

దాంతో భీమశంకరం గారి అవసరం తీరిపోయింది. ఆయన మర్యాదగా ఒక అనుభవ ధ్రువపత్రం అడిగారు. కొత్త మేనేజరు రికార్డులు వెతికి నీళ్లు నమిలాడు. పండితుణ్ణి ఏ పద్దు కింద చూపాలో తెలియక మొదటి రోజే ఆయన్ని వాడేకొద్దీ అయిపోయే సామాన్లలో చేర్చారట. ఇంకు, కాగితం, గుండుసూదులు, పండితుడు. గుండుసూదులకు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కంపెనీలో లేదు.

ఆయన గొడుగు తీసుకుని బయటికి వచ్చి, ఇంటికి వెళ్లాల్సిన మనిషి, మెయిన్ రోడ్డు వెనక సందులోకి తిరిగారు. సత్యవేణి కొట్టులో నలుగురు కూర్చుని ఉన్నారు. అందరికీ ఛత్రచామరాలే కావాలి. ఆమెకు ఒక పక్క మాటలు అందడం లేదు, ఇంకో పక్క చేతులు చాలడం లేదు. ఆయన్ని చూసి లేచి, కుర్చీ తన పక్కన లాగి వేసింది. ఉద్యోగం సంగతి అడగలేదు. ఒక షష్టిపూర్తి పిలుపు రాయాలి, పెద్దాయన ఢ ఉండాలంటున్నారు, కాస్త కూర్చుంటారా అంది.

ఆయన కూర్చున్నారు. ఎదురుగా కొత్త కీబోర్డు. అక్షరాలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మాట మనసులో తయారుగా ఉంది గానీ, చూపుడు వేలు గాలిలో ఆగిపోయింది. ఏడాది పాటు నొక్కిన వాళ్లందరినీ దోషుల్ని చేసిన మనిషికి, నొక్కాలంటే చెయ్యి రావడం లేదు.

సత్యవేణి ఆయన వేలి వైపు చూసింది.

"నొక్కండి మాస్టారూ," అంది. "అరిగితే అరుగుద్ది."